ముప్పై ఆరు మీటర్ల దూరంలో చొవ్వ

"టీచర్, నా తెర నల్లగా ఉంది. ఏమీ రాలేదు," అన్నాడు ఫాయిస్.

"వచ్చింది. నీకు కనబడటం లేదంతే," అన్నాను.

జూలై నెల, పొద్దున్నుంచీ ఆగని వాన. కంప్యూటర్ గదిలో తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కో ల్యాప్‌టాప్ ముందు ముగ్గురేసి ఇరుక్కుని కూర్చున్నారు. గదంతా తడి గొడుగుల వాసన. నేను ఈ బడికి భౌతికశాస్త్రం చెప్పడానికి వచ్చినదాన్ని. ఒక వేసవి సెలవుల్లో కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చి, ఇక మీదట పైథాన్ కోడింగ్ కూడా మీదే వనజ టీచర్ అన్నారు. కాదనే ఓపిక అప్పటికే నాకు లేదు.

"సూర్యుడి నుంచి నెప్ట్యూన్ దాకా అంతా ఈ తెరలో పట్టాలని నువ్వే కదా రాశావు? ప్రోగ్రామ్ పట్టించింది. అలా పట్టాలంటే సూర్యుడే చుక్క కంటే చిన్నవాడైపోతాడు. ఇక గ్రహాలెక్కడ కనబడతాయిరా?"

"మరి పుస్తకంలో అన్నీ కనబడుతున్నాయి కదా?"

ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. నేను ఏటా అదే జవాబు చెబుతాను. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

"పుస్తకంలో బొమ్మ వేసినాయన దూరాలకి ఒక కొలత, గ్రహాలకి ఇంకో కొలత వాడాడు. కనబడాలి కదా మరి, అందుకని."

ఫాయిస్‌కి ఈ మాట తెగ నచ్చేసింది. వెంటనే సూర్యుణ్ణీ గ్రహాల్నీ వెయ్యితో గుణించేశాడు. సూర్యుడు తెర మీద గుమ్మడికాయలా ఉబ్బి బుధుణ్ణీ శుక్రుణ్ణీ భూమినీ కడుపులో పెట్టేసుకున్నాడు. పక్క బెంచీవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"చాల్చాలు, ఆపండి," అన్నాను. "తెర చాలకపోతే మనకి మైదానం ఉంది. సూర్యుడు మన బడి ఫుట్‌బాల్ అంత ఉన్నాడనుకోండి. అప్పుడు ఏ గ్రహం ఎంత ఉంటుందో, ఎంత దూరంలో ఉంటుందో మీ ప్రోగ్రామ్ చెప్పాలి. బొమ్మలు వద్దు, లెక్క చాలు. వాన తెరిపిచ్చిన రోజు బయట పెట్టి చూద్దాం."

అందరికంటే ముందు అనఘ ముగించింది. ఆ పిల్లకి తొందర ఎక్కువ, మాట తక్కువ. ఆమె తెర మీద పేర్లూ దూరాలూ వరుసగా వచ్చాయి. మొదటి పేరు దగ్గరే నేను ఆగిపోయాను. ఫుట్‌బాల్ నుంచి తొమ్మిది మీటర్ల దూరంలో చొవ్వ, అంటే అంగారకుడు.

"చొవ్వ సూర్యుడికి అంత దగ్గరగా ఎలా వచ్చిందే?"

"నాకేం తెలుసు టీచర్, ప్రోగ్రామ్ అలా చెప్పింది."

"నువ్వేం చెబితే అది అదే చెబుతుంది. ఏదీ, నువ్వు రాసిన పేర్లు చూపించు."

చూపించింది. చొవ్వ, బుధుడు, గురుడు, శుక్రుడు, శని, ఆ తర్వాత యురేనస్, నెప్ట్యూన్. ఇదెక్కడి వరుసో నాకు కాసేపు తట్టలేదు. తట్టాక తల పట్టుకున్నాను. మా మలయాళంలో అంగారకుణ్ణి చొవ్వ అంటాం, మంగళవారాన్నీ చొవ్వ అనే అంటాం. ఈ పిల్ల సూర్యుడిదీ చంద్రుడిదీ అని ఆదివారాన్నీ సోమవారాన్నీ పక్కన పెట్టేసి, మంగళవారం నుంచి వారాల వరుసలో గ్రహాల పేర్లు రాసుకుంటూ పోయింది. దూరాల్ని మాత్రం పుస్తకం చూసి పొల్లుపోకుండా దించింది. అందుకే బుధుడికి రావాల్సిన దూరం చొవ్వకి వచ్చింది. ఆఖర్న ఒక దూరం ఎవరికీ కాకుండా మిగిలిపోయింది.

"మరి భూమేదే?"

అనఘ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "భూమికి వారం లేదు కదా టీచర్."

క్లాసంతా గొల్లున నవ్వింది. "భూమివారం సెలవు టీచర్!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. నాకూ నవ్వాగలేదు. అనఘ మాత్రం నవ్వలేదు. ముఖం ఎర్రగా చేసుకుని, పేర్ల వరుస మొత్తం చెరిపేసి, పుస్తకం తెరిచి మళ్ళీ రాసింది. ఈసారి చొవ్వ తన చోటికి వెళ్ళింది. ఫుట్‌బాల్‌కి ముప్పై ఆరు మీటర్ల దూరం. సైజు ఒక మిల్లీమీటర్.

"అంటే ఎంత టీచర్, ఒక మిల్లీమీటర్?"

"ఆవగింజంత. అందులోనూ చిన్న గింజ."

"నిజంగా ఇంతేనా? మీరేం తగ్గించలేదు కదా?"

"అన్నిటినీ ఒకేలా తగ్గించాం. సూర్యుణ్ణి తగ్గించినట్టే చొవ్వనీ తగ్గించాం. ఎవరినీ తక్కువ చెయ్యలేదు, ఎవరినీ ఎక్కువ చెయ్యలేదు."

అనఘ తెర వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. గంట కొట్టి అందరూ వెళ్ళిపోయినా ఆమె మాత్రం గొడుగు పట్టుకుని నా బల్ల దగ్గరే నిలబడింది.

"టీచర్, మైదానంలో పెట్టే రోజు అమ్మని పిలవొచ్చా?"

వాళ్ళమ్మ షైజ మా బడిలోనే మధ్యాహ్న భోజనం వండుతుంది. పిలవడానికి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, మైదానానికి అవతలే వంటగది. కానీ అనఘ అడుగుతున్నది ఏమిటో నాకు తెలుసు.

షైజ కూడా ఈ బడిలోనే, నా దగ్గరే చదువుకుంది. ఇరవై ఏళ్ళకే పెళ్ళి చేశారు. భర్త రాజీవన్ కల్లు గీసేవాడు. అనఘకి మూడేళ్ళప్పుడు, ఇలాంటి వానాకాలంలోనే, కొబ్బరిచెట్టు మీంచి పడి చనిపోయాడు. దినాలు అయ్యాయో లేదో అత్తగారు ఇద్దరి జాతకాలూ పట్టుకెళ్ళి ఎవరికో చూపించింది. కోడలికి ఎనిమిదో ఇంట చొవ్వ ఉందట, అంటే కుజదోషం, మొగుడికి గండం. పెళ్ళప్పుడు పొంతన చూసినాయన దాచాడో, సరిగ్గా చూడలేదో తెలీదట. ఆ రోజు నుంచి రాజీవన్ చావు షైజ నెత్తిన పడింది.

అత్తగారు అనుకుంటే అనుకుంది, షైజ కూడా అలాగే అనుకుంది. అదే నాకు ఒళ్ళు మండే సంగతి. మంగళవారం ఎవరికీ ఎదురుపడకుండా పెరటి దారిన బడికి వస్తుంది. వండటం వండుతుంది గానీ, ఆ రోజు మొదటి గరిటె తన చేత్తో ఎవరికీ వెయ్యదు. భోజనాల బాధ్యత నాది కాబట్టి గరిటె తెచ్చి నా చేతికిస్తుంది. ముందున్న పిల్లకో పిల్లాడికో నేను వేసి, గరిటె ఆమెకిచ్చేస్తాను. కొత్తలో "ఇదేం పిచ్చి షైజా!" అని కోప్పడేదాన్ని. ఆమె నవ్వి ఊరుకునేది. ఈలోగా పిల్లలు ఆకలికి కంచాలు వాయించేవాళ్ళు. వాదన పెట్టుకోవడం కంటే గరిటె తిప్పడం తేలిక. అలా అలవాటైపోయింది.

"మీ అచ్చమ్మకి చూపించాలనా?" అని అడిగాను అనఘని. అచ్చమ్మ అంటే నాయనమ్మ.

"అచ్చమ్మ నమ్మితే ఎంత, నమ్మకపోతే ఎంత? అమ్మకి చూపించాలి. నాన్న పోయింది తన వల్లేనని అమ్మ అనుకుంటుంది టీచర్. నాకు జ్వరమొస్తే నా పక్కన కూర్చోదు. అచ్చమ్మని కూర్చోబెట్టి తను గుమ్మంలో నిలబడుతుంది." గొడుగు కొసతో నేల మీద గీతలు గీసింది. "ఇది చూస్తే మారుతుందా?"

మారుతుంది తల్లీ అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ళ నుంచి చెబుతున్నాను ఈ పాఠం. నా దగ్గర చదువుకున్నవాళ్ళలో ఎంతమంది గ్రహం బాగాలేదని పెళ్ళిళ్ళు మానుకున్నారో నాకు తెలుసు. పరీక్షలో మార్కులు తెచ్చుకుని, ఇంటికెళ్ళి జాతకాలు తిప్పుకున్నారు. పాఠం వల్ల ఎవరైనా మారతారన్న ఆశ నాలో ఎప్పుడో అడుగంటింది.

"నాకు తెలీదు మోళే," అన్నాను. మోళే అంటే మాలో కూతుర్ని పిలిచే పిలుపు. "పిలువు. వస్తే చూద్దాం."

స్టాఫ్‌రూంలో ఈ ముచ్చట లెక్కల మాస్టారు సజీవన్ మాష్ చెవిన పడింది. ఆయనకి కావలసిందీ అదే.

"ఏమిటి వనజ టీచర్, చొవ్వదోషానికి పైథాన్ పరిహారమా? జాగ్రత్త, కొండచిలువని పట్టుకుంటే సర్పదోషం కూడా చుట్టుకుంటుంది!"

"మీ వేలికి ఆ పగడపు ఉంగరం ఎందుకు మాషే?"

"ఇదా? మా ఆవిడ కోసం."

"ఆవిడ వేలికి పట్టదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మాష్ కూడా నవ్వి, ఉంగరం ఉన్న చేతిని పేపర్ కింద పెట్టుకున్నాడు. మనిషి మంచివాడే. లెక్కలు నాకంటే బాగా చెబుతాడు. ఇలాంటి మంచివాళ్ళని చూస్తేనే నాకు ఎక్కువ నీరసం వస్తుంది.

ఆ వారమంతా వాన వదల్లేదు. మైదానం చెరువైంది. పై వారం ఒక రోజు పొద్దున్నే ఎండ కాసింది. పిల్లలు ప్రార్థన కూడా అవకముందే ఫుట్‌బాల్ పట్టుకొచ్చి, "టీచర్, ఈరోజే, ఈరోజే," అని నా కొంగు పట్టుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది ఏ రోజో. మంగళవారం.

"రేపు పెట్టుకుందాం," అన్నాను.

"రేపు వానొస్తే?" అంది అనఘ. సరే, టేపు తెమ్మన్నాను.

గ్రహాలన్నీ షైజ వంటగదిలోంచే వచ్చాయి. ఎందుకో అడక్కుండా డబ్బాలు దించి ఇచ్చింది. బుధుడికి ఒక బొంబాయి రవ్వ పలుకు, శుక్రుడికీ భూమికీ సన్న సగ్గుబియ్యం గింజలు, చొవ్వకి ఆవగింజ, గురుడికి బడి వెనక చెట్టు ఉసిరికాయ, శనికి ఎవరిదో గోళీ, యురేనస్‌కీ నెప్ట్యూన్‌కీ రెండు శనగగింజలు. ఫుట్‌బాల్‌ని వరండా మెట్టు మీద పెట్టారు. టేపు పట్టుకుని, తాడు కట్టుకుని, బురదలో జారిపడుతూ ఒక్కొక్కరు తమ గ్రహాన్ని అరచేతిలో పెట్టుకుని ఒక్కోచోట నిలబడ్డారు. గురుడు గేటు దాటి చాయ్ దుకాణం దగ్గరికి వెళ్ళాడు. నెప్ట్యూన్ ఫాయిస్‌కి పడింది. మసీదు మలుపు దాకా నడవాలని ఏడుపు ముఖం పెట్టి బయల్దేరాడు.

భూమి చేతిలో పెట్టుకున్న పిల్ల మైదానంలో జెండా స్తంభం దగ్గర నిలబడింది. ఆమెకి ఇంకొంచెం అవతల అనఘ, చొవ్వతో. అక్కడి నుంచి వంటగది గుమ్మం దగ్గరే.

"అమ్మా! ఒక్కసారి రా!"

"పొయ్యి మీద సాంబారుంది."

"సాంబారు ఎక్కడికీ పోదు, రా!"

షైజ చెంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నన్ను చూసి తలొంచుకుంది. ముప్పై ఆరేళ్ళు నిండలేదు, చెంపల దగ్గర జుట్టు నెరిసింది. అనఘ తల్లి ఎడమ చెయ్యి పట్టుకుని తెరిచి, అందులో ఆవగింజ పెట్టింది.

"అమ్మా, ఇదే చొవ్వ."

"ఈరోజు చొవ్వ అని నాకు తెలుసులేవే. అందుకే ముందువైపుకి రావడం లేదు."

"వారం కాదమ్మా! పైన ఉండేది. అదిగో, మెట్టు మీద ఫుట్‌బాల్ చూడు. అది సూర్యుడు. సూర్యుడు అంతుంటే చొవ్వ ఇంత. అంత దూరంలో. నేను లెక్క కట్టాను. ముందు తప్పొచ్చింది, తర్వాత సరిచేశాను. టీచర్‌ని అడుగు."

షైజ ఫుట్‌బాల్ వంక చూసింది, అరచేతి వంక చూసింది. "మరి మనం ఎక్కడున్నాం?"

"అదిగో, ఆ పిల్ల చేతిలో సగ్గుబియ్యం. దాని మీద."

"దాని మీద," అంది షైజ. తర్వాత చాలా మెల్లగా అడిగింది. "మీ నాన్న ఎక్కిన చెట్టు కూడా దాని మీదేనా?"

అనఘ తలూపింది.

"ఆ రోజు ముసురు పట్టింది టీచర్," అంది షైజ నా వైపు తిరిగి. "చెట్టంతా పాకుడు. ఎక్కొద్దన్నాను. దుకాణంవాడు కల్లు కోసం కేకలేస్తున్నాడని ఎక్కాడు. నేను కింద నిలబడి చూస్తూనే ఉన్నాను. కాలు జారింది. నా కళ్ళతో చూశాను, జారింది. అయినా..." అరచెయ్యి నా ముందుకి చాచింది. "అయినా ఇన్నేళ్ళూ దీనికా? ఇంత దానికా నేను నా బిడ్డని ముట్టుకోలేదు?"

నిజం చెబితే మనసు తేలికవుతుందని అనఘ అనుకుంది, నేను కూడా ఎక్కడో ఓ మూల అలాగే అనుకున్నాను కాబోలు. షైజ ముఖం తేలిక పడలేదు. గ్రహం పెద్దదైతే, ఏ కొండంతో అయితే, దాని కింద నలిగానని సరిపెట్టుకునేది. ఆవగింజ కింద నలిగానని ఎలా సరిపెట్టుకుంటుంది?

"ముందే ఎవరూ ఎందుకు చెప్పలేదు టీచర్?" అంది. కోపంగానే అంది.

"చెప్పాను షైజా. తొమ్మిదిలో. ఈ బడిలోనే. నువ్వు పరీక్షలో రాశావు కూడా."

"రాశాను. పుస్తకంలో బొమ్మ చూసే కదా రాశాను? ఆ బొమ్మలో చొవ్వ ఎర్రగా, నిమ్మకాయంత ఉంది. సూర్యుడికి ఇటు పక్కనే, భూమిని ఆనుకుని ఉంది. మీరు పుల్ల పెట్టి దాన్నే చూపించారు. అది నా మీదికి వచ్చేలా ఉందని అప్పుడే అనిపించింది నాకు."

గుప్పిట మూసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

పుల్ల పెట్టి చూపించాను. నాకు గుర్తుంది ఆ బొమ్మ, ఇప్పటికీ అదే బొమ్మ. కనబడాలి కదా మరి, అందుకని, అని ఏటా నవ్వుతూ చెబుతున్న నా జవాబు నాకే వెగటు పుట్టింది.

అనఘ ఏడుస్తోంది. "పిలవకుండా ఉండాల్సింది టీచర్. అమ్మని ఇంకా బాధ పెట్టాను."

"ముక్కు తుడుచుకో," అన్నాను.

రోడ్డు మీంచి ఫాయిస్ ఆయాసపడుతూ వచ్చాడు. "టీచర్, నేను అక్కడ ఒక్కణ్ణే అంతసేపు నిలబడ్డాను, నన్నెవరూ పిలవలేదు. ఆకలేసి నెప్ట్యూన్ని తినేశాను." ఎవరూ నవ్వలేదని వాడు మా ముఖాలు చూసి, ఏదో పెద్ద తప్పు చేశాననుకుని భయపడ్డాడు.

భోజనం గంట కొట్టారు. పిల్లలు కంచాలు కడుక్కుని వంటగది ముందు వరుసలో నిలబడ్డారు. మంగళవారాల్లో అనఘ ఎప్పుడూ వరుస చివరికి వెళ్ళిపోతుంది, తల్లి గరిటె నాకివ్వడం చూడలేక. ఆ రోజు అందరినీ తోసుకుని వెళ్ళి ముందు నిలబడింది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

షైజ అన్నం గుండిగ మూత తీసింది. ఆవిరి లేచింది. అలవాటు ప్రకారం గరిటె నా వైపు చాచింది. నా చెయ్యి కూడా అలవాటు ప్రకారం లేచింది, సగం దాకా. అక్కడ ఆగిపోయింది. అది ధైర్యమని చెప్పుకోను. ఆ గరిటె ఇంకొక్కసారి పట్టుకునే సత్తువ నాకు లేకపోయింది, అంతే.

"నావల్ల కాదు షైజా," అన్నాను. "చేతులు లాగేస్తున్నాయి. నువ్వే వెయ్యి."

"ఈరోజు..." అంది.

"తెలుసు."

గరిటె గాల్లోనే ఉండిపోయింది. వెనక పిల్లలు కంచాలు వాయించడం మొదలుపెట్టారు. "షైజక్కా, ఆకలి!" అని అరిచాడు ఫాయిస్, నెప్ట్యూన్ చాలక. అనఘ కంచం రెండు చేతులా పట్టుకుని తల్లి ముఖంలోకే చూస్తోంది. పక్కకి జరగలేదు, వెయ్యి అమ్మా అనలేదు.

షైజ గరిటె వెనక్కి తీసుకుని గుండిగలో ముంచింది. కూతురి కంచంలో అన్నం వేసింది. సగం మెతుకులు కంచం అంచున పడ్డాయి. ఇంకో గరిటె వేసింది. దాని మీద సాంబారు పోసింది. అంతా కుడిచేత్తోనే. ఎడమచెయ్యి ఇందాక మూసిన గుప్పిట, మూసినట్టే ఉంది.

"ఆ చేతిలో ఏముందమ్మా?" అంది అనఘ, తెలిసీ.

"చొవ్వ," అంది షైజ. "కంచం సరిగ్గా పట్టుకో, అన్నం కింద పడుతోంది."